బయటి కోపం ఇంట్లో వాళ్ళ మీద పడకుండా ఎలా ఆపుకోవాలి

రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చారు, చెప్పులు విప్పుతుంటే హాల్లో నేలంతా నీళ్ళు, పిల్లాడు వాటర్ బాటిల్ మూత సరిగ్గా పెట్టలేదు. అంతే, "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు, బుద్ధుందా అసలు" అని గొంతు లేచింది, ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఇప్పుడేమైందని అంత అరుపు" అనేసరికి అదే కోపం ఆవిడ మీదకి మళ్ళింది, కూర దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ వచ్చేశాయి. పది నిమిషాల తర్వాత పిల్లాడు రూమ్‌లో మూతి ముడుచుకుని, ఆవిడ మాట్లాడకుండా, మీరు టీవీ ముందు కూర్చుని "అసలు ఇదంతా ఎందుకు మొదలైంది" అని ఆలోచిస్తూ.

గ్లాసుడు నీళ్ళు ఒలికితే అంత కోపం రాదండీ ఎవరికీ. ఆ కోపం సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో పుట్టింది, అక్కడ బయటికి రాలేదు, ఇంటి దాకా మీతోపాటే బండెక్కి వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద అని మన పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు. సైకాలజీ వాళ్ళు దీన్నే డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు, 1939లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో జాన్ డోలార్డ్, నీల్ మిల్లర్ వాళ్ళ టీమ్ దీని మీద గట్టిగా పనిచేసింది, వాళ్ళు చెప్పింది ఏంటంటే కోపం తెప్పించిన మనిషి మీద చూపిస్తే శిక్ష పడుతుందని భయం ఉన్నప్పుడు ఆ కోపం భయం లేని చోటికి దారి మళ్ళుతుంది అని. తర్వాత 2000లో ఇంకో పరిశోధనలో తేలింది ఇంకా ముఖ్యమైనది: ముందు ఒకరు రెచ్చగొట్టి, ఆ తర్వాత వేరే మనిషి ఏదో చాలా చిన్న పొరపాటు చేస్తే, ఆ రెండో మనిషి మీద పడే కోపం ఆ పొరపాటుకి ఏ మాత్రం సంబంధం లేనంత పెద్దగా ఉంటుంది. అదే చిన్న పొరపాటు మామూలు రోజు జరిగితే అసలు లెక్కలోకే రాదు. అంటే వాటర్ బాటిల్ మూత.

చాలామంది "నాకు కోపం కంట్రోల్ అవ్వదండీ, నా నేచర్ అంతే" అంటారు. దీన్ని నేను అస్సలు ఒప్పుకోను. నాలుగింటికి మేనేజర్ పదిమంది ముందు మాట అన్నప్పుడు మీరు ఏం చేశారు? "ఓకే సర్, నేను చూస్తాను సర్" అన్నారు. ముఖం మీద నవ్వు కూడా పెట్టారేమో. అంటే కంట్రోల్ చేసుకోవడం మీకు బ్రహ్మాండంగా వచ్చు, అది రోజంతా వాడుతున్నారు, కాకపోతే ఉద్యోగం పోతుందేమో అనే చోట వాడుతున్నారు, మనల్ని వదిలి ఎక్కడికీ పోరు అనే వాళ్ళ దగ్గర వాడట్లేదు. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది కానీ ఇక్కడి నుంచి మొదలుపెడితేనే మిగతావి పనిచేస్తాయి. చేతకానిది కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు, ఉన్నదాన్నే ఇంట్లో కూడా వాడాలి, దానికి కొన్ని పద్ధతులున్నాయి, ఒక్కొక్కటీ చూద్దాం.

1. ముందు వారం రోజులు రాసుకోండి, మారడానికి ఏమీ ట్రై చేయకండి

ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేయండి, ఇంట్లో ఎవరి మీదైనా గొంతు పెంచిన ప్రతిసారీ, కాస్త చల్లబడ్డాక, మూడు ముక్కలు రాయండి. ఇంట్లో ఏం జరిగింది, దానికి ముందు మూడు నాలుగు గంటల్లో బయట ఏం జరిగింది, ఆ టైమ్‌కి ఒంట్లో ఎలా ఉంది. ఇలా ఉంటుంది:

"మంగళవారం రాత్రి. అమ్మ ఫోన్‌లో మూడోసారి అదే అడిగితే కసురుకున్నా. ముందు: క్లయింట్ కాల్‌లో నేను మాట్లాడుతుంటే మధ్యలో ఆపేశారు. ఒంట్లో: మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్నదే."

"గురువారం పొద్దున. పాప షూస్ లేస్ కట్టుకోడానికి లేట్ చేసిందని అరిచా. ముందు: రాత్రి బ్యాంక్ నుంచి ఈఎమ్ఐ బౌన్స్ మెసేజ్. ఒంట్లో: రెండింటికి పడుకున్నా."

వారం తర్వాత ఒకసారి మొత్తం చదవండి. రెండో ముక్కలో ఒకే రకం సంగతులు మళ్ళీ మళ్ళీ కనపడతాయి, కొందరికి అది డబ్బు, కొందరికి అవమానం, కొందరికి తమ మాట ఎవరూ వినకపోవడం. చాలామంది ఊహించేది ఒకటి, అక్కడ కనపడేది ఇంకొకటి.

ఇక్కడ ఒంటి గురించి ఒక మాట చెప్పాలి ఎందుకంటే మిగతా స్టెప్స్ అన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. కోపం వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విడుదలవుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. మనసు ఆ విషయాన్ని పక్కన పెట్టేసినా ఒళ్ళు అంత తొందరగా కిందికి దిగదు. డాల్ఫ్ జిల్‌మన్ అనే సైకాలజిస్టు 1970ల మొదట్లో దీన్ని చాలా తెలివిగా చూపించాడు, కొంతమందిని వ్యాయామం సైకిల్ తొక్కించి, కొంతమందిని ఊరికే కూర్చోబెట్టాడు, తమని రెచ్చగొట్టిన మనిషికి తిరిగి ఇచ్చే అవకాశం వచ్చినప్పుడు సైకిల్ తొక్కినవాళ్ళే ఎక్కువ దూకుడు చూపించారు. సైకిల్‌కి ఆ మనిషికి ఏం సంబంధం? ఏమీ లేదు. కానీ ఒంట్లో మిగిలిపోయిన వేడి ఎదురుగా ఉన్న మనిషి ఖాతాలో పడిపోయింది. ట్రాఫిక్‌లో గంటంబావు హారన్లు వింటూ వచ్చినవాళ్ళకి కూడా జరిగేది ఇదే, "నేను కూల్‌గానే ఉన్నాను" అనుకుంటూ తలుపు తీస్తారు, ఒళ్ళు మాత్రం ఇంకా పంజాగుట్ట సిగ్నల్ దగ్గరే ఉంటుంది.

2. ఆకలి, నిద్ర, ఎండ: వీటిని ముందు చూసుకోండి

ఇవి చిన్న విషయాల్లా కనపడతాయి గానీ సగం గొడవలు ఇక్కడే ఆగిపోతాయి. 2014లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 107 జంటల్ని 21 రోజులు గమనించారు, ఒక్కొక్కరికి ఒక బొమ్మ ఇచ్చి ఇది మీ భార్య లేదా భర్త అనుకోండి, రోజూ రాత్రి ఎంత కోపంగా ఉంటే అన్ని గుండుసూదులు గుచ్చండి అన్నారు. పక్కన రక్తంలో షుగర్ కూడా రోజూ కొలుచుకోమన్నారు. సాయంత్రం షుగర్ తక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ సూదులు గుచ్చారు. ఆకలే మొత్తం కారణం అని కాదు, కానీ ఒంటిగంటకి తిని ఎనిమిదిన్నరకి ఇంటికి చేరే మనిషి దగ్గర ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి. ఆఫీసు నుంచి బయల్దేరే ముందు ఒక అరటిపండో, గుప్పెడు వేయించిన పల్లీలో తినండి. షుగర్ పేషెంట్లయితే డాక్టర్ చెప్పిందే తినండి కానీ ఖాళీ కడుపుతో మాత్రం రాకండి.

నిద్ర సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఐయోవా స్టేట్ యూనివర్సిటీలో రెండు రాత్రులు కొంతమందికి మామూలు కంటే రెండు నుంచి నాలుగు గంటలు నిద్ర తగ్గించి తర్వాత చిరాకు పుట్టించే శబ్దం వినిపిస్తే, బాగా పడుకున్నవాళ్ళ కంటే వీళ్ళకి కోపం ఎక్కువ వచ్చింది. మామూలుగా చిరాకుకి కాసేపట్లో అలవాటు పడిపోతాం, నిద్ర లేకపోతే ఆ అలవాటు పడటం కూడా సరిగ్గా జరగదు. ఇక ఎండ. అమెరికాలో ఫీనిక్స్ అనే ఎడారి ఊళ్ళో 1980ల్లో ఒక పరీక్ష చేశారు, గ్రీన్ సిగ్నల్ పడినా ఒక కారు కదలకుండా నిలబడి ఉంటే వెనకవాళ్ళు ఎంతసేపు హారన్ కొడతారో చూశారు, ఎండ పెరిగేకొద్దీ హారన్ పెరిగింది, అద్దాలు దించుకుని ఏసీ లేకుండా ఉన్నవాళ్ళలో అది ఇంకా ఎక్కువ. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బైక్ మీద ఇంటికొచ్చేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికి రాగానే ముందు స్నానం, మాటలు తర్వాత. దీన్ని ఇంట్లో రూల్ లాగా పెట్టేసుకోండి.

3. బయటికీ ఇంటికీ మధ్య గ్యాప్ పెట్టండి

అన్నిటికంటే పనికొచ్చే స్టెప్ ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మా పిన్ని కొడుకు ఒక బట్టల షోరూమ్‌లో సేల్స్‌లో చేస్తాడు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. ఒక ఫ్యామిలీ వచ్చి నలభై చీరలు తీయించి ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోతారు, ఆ నలభై మళ్ళీ మడతలు పెట్టాలి, అంచు పైకి వచ్చేలా, లోపల అట్ట జారకుండా, ఆ మడతలు పెడుతుండగానే ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ వచ్చి "ఇవాళ బిల్లింగ్ ఎంత అయింది నీది" అని అందరి ముందూ అడుగుతాడు. సమాధానం చెప్పడానికి ఏముంటుంది. వాడు ఇంటికెళ్ళే ముందు సందు చివర టీ కొట్టు దగ్గర బండి ఆపుతాడు, ఫోన్ జేబులోంచి తీయడు, టీ తాగి, పంపు దగ్గర ముఖం, మెడ వెనక, మోచేతుల దాకా కడుక్కుని, బండి స్టార్ట్ చేయకుండా సందులో నెమ్మదిగా నెట్టుకుంటూ ఇంటికెళ్తాడు. అడిగితే "ఈలోపు ఆ షాపు నాలోంచి దిగుతుంది అన్నా" అన్నాడు. వాడు ఏ సైకాలజీ పుస్తకమూ చదవలేదు, కానీ చేస్తున్నది అచ్చంగా సరైన పనే.

సియాటెల్‌లో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు దంపతుల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి, గుండె వేగం కొలిచే సెన్సర్లు పెట్టి, వాళ్ళ గొడవలు ఏళ్ళ తరబడి స్టడీ చేశాడు. గొడవ మధ్యలో గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే అవతలి మనిషి చెప్పేది బుర్రలోకి ఎక్కదు అని ఆయన అంటాడు, ఆ స్థితి నుంచి మామూలుకి రావాలంటే కనీసం 20 నిమిషాలు కావాలి. ఒకసారి మధ్యలో మెషిన్ సరిచేయాలి అని చెప్పి వాళ్ళని గొడవ ఆపించి అరగంట మ్యాగజైన్లు చదువుకోమన్నారు, తర్వాత మళ్ళీ అదే విషయం మాట్లాడుకుంటే గుండె వేగం తగ్గింది, మాటలు కూడా మెత్తబడ్డాయి. విషయం మారలేదు, మనుషులు మారలేదు, మధ్యలో అరగంట గడిచింది అంతే.

కాబట్టి మీ గ్యాప్ ఎక్కడో మీరే డిసైడ్ చేసుకోండి. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో, గుడి అరుగు మీద, మెట్రో దిగాక రెండు స్టాపుల దూరం నడుస్తూ, ఏదైనా సరే. ఆ టైమ్‌లో చేయాల్సింది: ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి, దానికంటే ఎక్కువసేపు వదలండి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీలిస్తే ఆరు అంకెల దాకా వదలండి, ఐదు నిమిషాలు చాలు. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది కాబట్టి ఎక్కువసేపు వదిలితే ఒళ్ళు దిగడానికి సాయం అవుతుంది. భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి, గమనించి కిందికి వదిలేయండి. చేయకూడనిది: ఆఫీస్ వాట్సాప్ గ్రూప్ తెరవడం, "వాడు ఇలా అంటే నేను ఇలా అనాల్సింది" అని జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ మనసులో నడిపించడం. అలా నెమరేసుకుంటే కోపం అక్కడే తాజాగా ఉండిపోతుంది, ఎన్ని నిమిషాలు కూర్చున్నా లాభం లేదు.

వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళకి ఈ దారి మధ్యలో ఉండదు, అదే వాళ్ళ కష్టం, లాప్‌టాప్ మూసిన మరుక్షణం పిల్లలు ఎదురుగా ఉంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి రాత్రిపూట ఇండియా టీమ్‌తో కాల్స్ చేసేవాళ్ళకీ అంతే. చివరి కాల్ అయ్యాక బట్టలు మార్చుకుని బయట ఒక రౌండ్ వేసి రండి, ఇంట్లోంచి వెళ్ళి మళ్ళీ ఇంట్లోకి రావాలి, అది ముఖ్యం.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఈ గ్యాప్ ఎవరూ ఇవ్వరు. ఆయన వచ్చి సోఫాలో కూర్చుంటాడు, ఆవిడ బ్యాగ్ పెట్టేలోపే కుక్కర్ ఎక్కాలి, పిల్లల హోమ్‌వర్క్ అడగాలి, అత్తగారికి మందులు ఇవ్వాలి. రోజంతా ఇంట్లోనే ఉండి పని చేసే అమ్మలకైతే బయట అనేదే లేదు, వాళ్ళ కోపం పుట్టిన చోటూ పడే చోటూ ఒకటే. వీళ్ళు పిల్లల మీద అరుస్తున్నారంటే వీళ్ళకి ఊపిరి పీల్చుకునే టిప్స్ చెప్పడం కాదు, ఇంట్లో ఇంకొకళ్ళు లేచి ఆ అరగంట పని చేయాలి. అత్తగారైనా, మామగారైనా, ఆయనైనా. "నువ్వు ఇరవై నిమిషాలు రూమ్‌లోకెళ్ళి తలుపేసుకో, నేను చూసుకుంటాను" అనే ఒక్క వాక్యం రోజూ అనండి, అనడమే కాదు నిజంగా చూసుకోండి.

4. లోపల ఉన్నదాన్ని మాటల్లో చెప్పండి

"చిరాకుగా ఉంది" అని ఆపేయకుండా ఇంకో అడుగు లోపలికెళ్ళండి. అవమానమా, భయమా, ఎవరూ పట్టించుకోలేదనే బాధా, చేతిలో ఏమీ లేదనే నిస్సహాయతా, ఒట్టి అలసటా? ఎక్కువసార్లు పైకి కోపంగా కనపడేదాని కింద వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ అనే సైకాలజిస్టు వాళ్ళ టీమ్ వాళ్ళు 2007లో మెదడు స్కాన్ చేస్తూ చూశారు, కోపంగా భయంగా ఉన్న ముఖాల ఫొటోలు చూసి ఆ భావం ఏంటో మాటల్లో గుర్తించినప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం చల్లబడింది, ఆలోచించే ముందు భాగం పని పెరిగింది. చెప్పడం అంటే ఒప్పుకోవడం, ఒప్పుకోగానే సగం బరువు దిగుతుంది.

తర్వాత అదే ఇంట్లో చెప్పండి, గుమ్మంలోనే చెప్పండి:

"ఇవాళ ఆఫీసులో మాటలు పడ్డాను, మూడ్ బాలేదు. మీ మీద కాదు. ఒక అరగంట నన్ను వదిలేయండి, తర్వాత అన్నం దగ్గర కూర్చుందాం."

మన ఇళ్ళల్లో మగవాళ్ళు ఇలా చెప్పడం చిన్నతనం అనుకుంటారు, చెప్పకుండా ముఖం మాడ్చుకుని తిరుగుతారు, ఇంట్లోవాళ్ళు మాత్రం "నేనేం చేశానబ్బా" అని భయం భయంగా వెతుక్కుంటూ ఉంటారు. ముఖ్యంగా చిన్నపిల్లలు అమ్మానాన్నల మూడ్‌కి కారణం తామే అనుకుంటారు, వేరే కారణం ఉంటుందని వాళ్ళకి తోచదు. "నీ మీద కాదు కన్నా" అనే మాట వాళ్ళకి ఎంత అవసరమో.

5. "కక్కేస్తే పోతుంది" అనేది నమ్మకండి

కోపం లోపల పెట్టుకుంటే కుక్కర్ లాగా పేలుతుంది, విజిల్ వదిలేస్తే మంచిది అని అందరూ అంటారు. ఇది తప్పు, పరిశోధనలు ఎన్నోసార్లు తప్పని తేల్చాయి. బ్రాడ్ బుష్‌మన్ అనే సైకాలజిస్టు 2002లో కోపం తెప్పించిన విద్యార్థుల్ని మూడు గుంపులు చేశాడు, ఒక గుంపు ఆ కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దాలి, ఇంకో గుంపు ఎక్సర్‌సైజ్ అనుకుంటూ గుద్దాలి, మూడో గుంపు రెండు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. తలుచుకుంటూ గుద్దినవాళ్ళకే ఆఖరికి అందరికంటే ఎక్కువ కోపం మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్ళే నయం. 2024లో అదే బుష్‌మన్, సోఫీ కియార్విక్ అనే పరిశోధకురాలు కలిసి 154 స్టడీలు, పదివేల మందికి పైగా మనుషుల లెక్కలు ఒకచోట పెట్టి చూస్తే ఒంటి వేడిని తగ్గించే పనులు (శ్వాస, ధ్యానం, యోగా, కండరాలు వదులు చేసుకోవడం) కోపాన్ని తగ్గించాయి, ఒంటి వేడిని పెంచే పనులు మొత్తం మీద తగ్గించలేదు, జాగింగ్ అయితే పెంచింది కూడా. జాగింగ్ గుండెకి మంచిదే, మానేయక్కర్లేదు, కోపంలో ఉన్నప్పుడు మందు అనుకుని పరిగెత్తకండి అంతే.

అలాగని ఎవరికీ ఏమీ చెప్పుకోవద్దు అని కాదు. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పి "ఇప్పుడు ఏం చేద్దాం" అని అడగడం వేరు, అదే కథ రోజుకి నలుగురికి అంతే వేడిగా వినిపించడం వేరు. రెండోది చేస్తే చెప్పిన ప్రతిసారీ అవమానం మళ్ళీ మొదటి నుంచి జరుగుతుంది.

ఆ కథ బుర్రలోంచి పోవట్లేదా, ఒక పద్ధతి ఉంది. ఆ సీన్‌ని గోడ మీద వాలిన ఈగ చూసినట్టు దూరం నుంచి చూడండి, అందులో మీరు కూడా ఒక పాత్ర. 2012లో ఒక పరీక్షలో విద్యార్థులకి అక్షరాలు సర్దే పజిల్స్ ఇచ్చి, ఇంటర్‌కామ్‌లో "గట్టిగా చెప్పు, ఎన్నిసార్లు చెప్పాలి" అన్నట్టు కావాలనే విసుక్కున్నారు. తర్వాత దూరం నుంచి చూడమన్నవాళ్ళలో, ఆ సీన్‌లోకే మళ్ళీ వెళ్ళి తమ కళ్ళతో చూడమన్నవాళ్ళ కంటే, కోపం ఆలోచనలు తక్కువ ఉన్నాయి, దూకుడు కూడా తగ్గింది. దూరం నుంచి చూస్తే ఇంకోటి కూడా కనపడుతుంది, ఆ మేనేజర్‌ని కూడా గంట ముందు ఎవరో వాయించి ఉంటారు. అంటే మీరు కూడా ఆయనకి దుత్తే. ఇది ఆయన తప్పు కాదని చెప్పడానికి కాదు, ఈ వరస మీ దగ్గర తెగకపోతే అది కిందికి మీ పిల్లాడి దాకా వస్తుందని చెప్పడానికి.

6. "ఇలా అయితే అలా చేస్తా" అని ముందే రాసి పెట్టుకోండి

"ఇక కోప్పడను" అనే ఒట్టు మూడు రోజులు కూడా నిలవదు ఎందుకంటే అందులో ఏం చేయాలో లేదు. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు ఏళ్ళ తరబడి చూపించింది ఏంటంటే ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తా అని ముందే ఫిక్స్ చేసుకున్నవాళ్ళు, ఊరికే లక్ష్యం పెట్టుకున్నవాళ్ళ కంటే బాగా పాటించగలుగుతారు. మీ వారం నోట్స్‌లోంచి రెండు మాత్రమే తీసుకోండి:

"ఇంట్లోకి రాగానే ఏదైనా ఒలికి, విరిగి, చిందరవందరగా కనపడితే, మాట్లాడకుండా ముందు బాత్రూమ్‌లోకి వెళ్ళి ముఖం కడుక్కుంటా."

"అమ్మ ఫోన్‌లో అదే మాట మళ్ళీ అడిగితే, 'అమ్మా, పది నిమిషాల్లో నేనే చేస్తా' అని పెట్టేసి, నిజంగా పది నిమిషాల్లో చేస్తా."

రెండో దాంట్లో ఆ తిరిగి చేయడం ఉంది చూశారా, అది మర్చిపోతే పెద్దవాళ్ళు ఇంకా నొచ్చుకుంటారు. ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల మీద ఫోన్‌లో కసురుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖం కనపడదు కాబట్టి వాళ్ళు ఎంత చిన్నబోయారో మనకి తెలియదు.

7. పుట్టిన చోట ఏదో ఒకటి చేయండి

ఇంట్లో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా నాలుగింటి అవమానం రోజూ అలాగే జరుగుతుంటే ఎన్నాళ్ళు ఆపుతారు. మీ నోట్స్‌లో రెండో ముక్క చూసి, అందులో ఎక్కువసార్లు వచ్చినదాని మీద ఒక్క పని పెట్టుకోండి. మేనేజర్ అందరి ముందు అంటున్నాడంటే, వేడి తగ్గిన మరుసటి రోజు, ఒంటరిగా ఉన్నప్పుడు, "సర్, తప్పు ఉంటే తప్పకుండా చెప్పండి, కానీ విడిగా పిలిచి చెప్తే నాకు సరిచేసుకోవడం తేలిక" అని నెమ్మదిగా చెప్పి చూడండి. ఈఎమ్ఐ సమస్య అయితే దాచకుండా ఇంట్లో కూర్చుని లెక్కలు వేయండి, దాచిన అప్పు చాలా ఇళ్ళల్లో అరుపులుగానే బయటికొస్తోంది. ఏమీ చేయలేని పరిస్థితి అయితే, వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టడం కూడా ఒక పనే.

8. అప్పటికే అరిచేస్తే

సారీ చెప్పండి, అదే రోజు, పడుకోకముందే. చాక్లెట్ కొనివ్వడం సారీ కాదు, మర్నాడు ఏమీ జరగనట్టు మాట్లాడటం కూడా కాదు. పిల్లాడి ఎత్తుకి కిందికి కూర్చుని చెప్పండి: "ఇందాక నేను అరిచాను కదా, అది తప్పు. ఆఫీసులో కోపం నీ మీద చూపించాను. బాటిల్ మూత గట్టిగా పెట్టాలి, అది వేరే సంగతి, దానికి అంత అరవక్కర్లేదు." చివర్లో "కానీ నువ్వు కూడా" అనే ముక్క తగిలిస్తే అప్పటిదాకా చెప్పిందంతా పోతుంది. పిల్లాడు వెంటనే నవ్వకపోవచ్చు, బలవంతంగా హత్తుకోకండి, వాడి టైమ్ వాడికివ్వండి.

భార్యాభర్తల మధ్య అయితే సారీతో పాటు ఆ రోజు నిజంగా ఏం జరిగిందో చెప్పండి. ఇక అన్న మాటల్లో పుట్టింటి గురించో, సంపాదన గురించో, ఒంటి రంగు గురించో ఉంటే దాన్ని విడిగా తీసుకుని "ఆ మాట అనకూడదు, అన్నాను, తప్పు" అని చెప్పాలి, ఎందుకంటే అలాంటివి ఏళ్ళ తరబడి మనసులో ఉండిపోతాయి.

9. ఇది మామూలు కోపం కాదు అనిపిస్తే

ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని చూసి భయపడుతుంటే, మీరు చెయ్యెత్తుతుంటే, వస్తువులు విసిరేస్తుంటే, తాగినప్పుడల్లా ఇదే జరుగుతుంటే పైన చెప్పిన స్టెప్స్ సరిపోవు, డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవాలి. వారాల తరబడి ప్రతి చిన్నదానికీ చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం ఉంటే అది డిప్రెషన్ కూడా కావచ్చు, మగవాళ్ళలో చాలాసార్లు అది ఏడుపుగా కాకుండా చిరాకుగా కనపడుతుంది. థైరాయిడ్ ఎక్కువైనా చిరాకు పెరుగుతుంది, రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

కోపం పడే వైపు ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. ఆయన కోపం ఆఫీసులో పుట్టిందని అర్థం చేసుకోవడం వేరు, దాన్ని భరించడం మీ డ్యూటీ అనుకోవడం వేరు. చెయ్యి చేసుకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పిల్లలకి ఇబ్బంది అయితే 1098. మీ కోపం గురించి మీరే మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.